రావలసినవి

షేరు ఇరవయ్యారు రూపాయల నలభై పైసలుంది.
"అందరికీ తెలిసీలోపు కొనీ వదినా" అంటాడు దండాసి.
మందుల రిప్రజెంటేటివ్, నాకు మరిది వరస.
గుణుపురం అంతటా ఆ కంపెనీని
చంటిపిల్లలా చంకనేసుకు తిరుగుతున్నాడు.

రాత్రి ఆస్పత్రి లేబ్ మూసి వచ్చేక
సెంట్రిఫ్యూజ్ ఇంకా చెవిలో తిరుగుతుండగా
ఫోన్‌లో వార్షిక నివేదిక తెరిచేను.
అమ్మకాల గీత పైకే ఉంది.
లాభం మూడేళ్లుగా వచ్చే ఏడాది వస్తోంది.
చైర్మన్ వెనక తెల్లకోట్ల పిల్లలు నవ్వుతున్నారు,
ఒక్క చేతికీ మరక లేదు.

వాళ్ల కొడవలి కణాల కిట్టు నాకు తెలుసు.
పది నిమిషాల్లో చెప్పేస్తుంది, అబద్ధం కాదు.
కానీ మే నెలలో, కరెంటు పోయిన మధ్యాహ్నం
రెండో గీత పడీపడనట్టు పడుతుంది.
స్లైడు పెట్టి మళ్లీ చూస్తాను.
ఆ 'మళ్లీ' ఏ పట్టికలోనూ లేదు.

'అందుబాటులోని మార్కెట్' అని ఒక పెద్ద అంకె.
అందులో ఎక్కడో సుల్మి హిమిరిక ఉంది.
బిసంకటక్ అవతలి కొండ మీంచి
నాన్న వీపెక్కి వచ్చిన ఆరేళ్లది,
సూది గుచ్చితే ఏడవకుండా
నా గడియారంలో పరుగెత్తే ముల్లుని చూసింది.
నాన్న కుయిలో ఏదో అడిగేడు,
ఆయా ఒడియాలో చెప్పింది:
దీనికి మందుందా అంటన్నాడు.

నివేదికంతా వెతికేను. పరీక్షే ఉంది.

నలభై మూడో పేజీలో నవ్వొచ్చింది.
'ఆరు నెలలు దాటిన బాకీలు: ప్రభుత్వ ఆస్పత్రులు.'
అక్టోబరులో రెండొందల కిట్లు అందాయని
సంతకం పెట్టింది నేనే.
బిల్లు ఇప్పటికీ బీరువాలో, రబ్బరు బేండు కింద.
మరి నా మూడు నెలల కాంట్రాక్టు జీతం
ఎవరి పుస్తకంలో ఏ పేజీలో ఉందో.
బాకీపడ్డ చోటే వాటా కొనడం,
అదీ రాని జీతంతో!

పొద్దున్న తొమ్మిదిన్నరకి దండాసి ఫోన్.
"ఇరవయ్యేడు దాటీసింది, చూసేవా?"
చూడలేదు.
పలకమీద చుక్క రక్తం వేసి కూర్చున్నాను,
సుల్మి తమ్ముడిది, రెండేళ్లవాడు.
వాడి నాన్న గోడకానుకుని నిలబడ్డాడు.
మొదటి గీత వచ్చింది.
"వదినా, లైన్లో ఉన్నావా?"
ఉండు, ఇంకా నాలుగు నిమిషాలు.