చెరిపిన సంగతి

ఇస్మేనియా కొండ దిగి వచ్చింది,
చేతిసంచిలో కంప్యూటరు, కోటు జేబులో దాని ప్రాణం.
లోపలి డిస్కు పోయి రెండేళ్లయింది.
అప్పట్నుంచీ ఈ అగ్గిపెట్టెంత ఎస్‌ఎస్‌డి
బయట వేలాడుతూ రోజూ దాన్ని నిద్ర లేపుతోంది.

"చదవమంటే చదువుతుంది, ఎలియుతేరియో.
రాయమంటేనే ఏడుపు."

మా వాల్పరైసోలో కొండబళ్లు
ఎక్కడానికీ దిగడానికీ ఒకటే సమయం తీసుకుంటాయి.
ఒకే తాడుకి రెండు పెట్టెలు,
ఒకటి దిగితేనే ఇంకోటి ఎక్కుతుంది.
ఇది అలా కాదు.
దిగడం సెకనుకి నాలుగొందల మెగాబైట్లు,
ఎక్కడం పదకొండు.

ఆమె పని, మూతబడ్డ రేవు రేడియో టేపుల్ని
ఒక్కొక్కటీ కంప్యూటర్లోకి ఎక్కించడం.
పొగమంచు హెచ్చరికలు, ఓడల పేర్లు,
చేపల ధరలు చదివే ఒక మగగొంతు,
నడుమ ఆ గొంతుకి దగ్గు.
సరిగ్గా దగ్గు దగ్గరికొచ్చేసరికి
రికార్డింగు తెగిపోతోందట.

ముందు కేబుల్ని అనుమానించాను.
మా వృత్తిలో అది ఆచారం.
మార్చాను. అదే పదకొండు.
నీలం నాలుక ఉన్న పోర్టులో పెట్టాను. పదకొండు.
ఒళ్లు పట్టి చూశాను, ముప్పై ఎనిమిది డిగ్రీలు.
మనిషికైతే జ్వరం, డిస్కుకి అది వేసవి కూడా కాదు.
పెద్ద ఫైలొకటి ఎత్తి దాని నెత్తిన పెట్టాను:
నాలుగు సెకన్లు గుర్రం,
తర్వాత గాడిద,
తర్వాత గాడిద కూడా కూర్చుంది.

సాయంత్రం టీ పెట్టుకున్నాం.
రొట్టె మీద అవకాడో నలుపుతూ అంది:
"సగం ఖాళీగా ఉందంటోంది కదా?"
"ఎవరంటున్నారు?"
"కంప్యూటరు."
"డిస్కుని అడిగావా?"

అడగడానికి దారి లేదు. అదీ సంగతి.
ఆమె పాడైన టేకుల్ని చెరిపేసింది, నెలల తరబడి.
కంప్యూటరు తన చిట్టాలో పేర్లు కొట్టేసి
డిస్కుకి కబురు పంపింది.
నడుమ ఆ చవక పెట్టెలో వంతెనలాంటి చిప్పొకటి,
దానికి ఆ ఒక్క మాట అర్థం కాదు.
అర్థం కానిదాన్ని మింగేసింది.

పాపం డిస్కు!
ఎవరికీ అక్కర్లేని శబ్దాలన్నిటినీ
అప్పగింతల్లా కాపలా కాస్తోంది.
దాని పలక అలాంటిది,
ఒక్క అక్షరం చెరపాలన్నా మొత్తం తుడవాలి.
కొత్త మాట వచ్చినప్పుడల్లా
పాతవన్నీ ఎత్తి పక్కన పెట్టి,
తుడిచి, మళ్లీ పేర్చి,
అప్పుడు గానీ కొత్తదానికి చోటు లేదు.
బద్ధకం అనుకున్నాం మనం.

గోడ మేకునున్న పెట్టెల్లోంచి
మాట తెలిసినదొకటి తీశాను.
రెండు స్క్రూలు, కొంచెం జిగురు, చాలా ఓపిక.
కంప్యూటరు లేచింది. ఒక్క వాక్యం టైపు చేశాను,
వదిలేసినవాటిని వదిలేశామని చెప్పమని.
రెండు వందల పన్నెండు గిగాబైట్లు.
ఏ చప్పుడూ లేదు.
ఎస్‌ఎస్‌డికి నిట్టూర్చే భాగాలుండవు.

ఎక్కడం ఇప్పుడు మూడువందల ఎనభై.
ఆమె సంతోషించినట్టు లేదు.
"అయితే ఆ దగ్గు ఇన్నాళ్లూ అందులోనే ఉందా?
ఇరవై రెండు సార్లు ఎక్కించి ఇరవై రెండు సార్లు చెరిపాను."
"ఉండేది."
"ఇప్పుడు?"
"అసలుది టేపులో ఉందిగా," అన్నాను.
అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు.

డబ్బిచ్చి, కండువా చుట్టుకుని వెళ్లింది.
పైన చక్రం తిరిగిన మోత వినిపించింది,
ఎవరో దిగుతున్నారన్నమాట.

పాత పెట్టె నా బల్ల మీదే ఉంది.
మూత మీద మార్కరుతో రాశాను: దీనికి వినబడదు.
కేబుల్‌కి మాత్రం
ఇంకా క్షమాపణ చెప్పలేదు.