పడుగూ పేకా

నిలువు తీగలు పదహారు, అడ్డ తీగలు పంతొమ్మిది.
మా తాతైతే పడుగు, పేక అనేవాడు.
చింతాద్రిపేటలో ఆయన మగ్గం గుంట పూడ్చిన చోటే
నా మిషను నిలబెట్టాను, రాకెట్లకి తీగలల్లేది.
టోర్నమెంటు వారం మాత్రం నుంగంబాక్కం స్టేడియంలో
మెట్ల కింది గది. ఒక ఫ్యాను, ఒక బల్ల, నేను.

ఆ గదిలోకి తల వంచుకుని వచ్చింది
జోర్నిత్సా వెల్చేవా, బల్గేరియా,
ర్యాంకు రెండు వందల పద్నాలుగు.
ఆ పేరుకి వేగుచుక్క అని అర్థమట.
మ్యాచ్‌లూ అలాగే వేసేవాళ్ళు, పొద్దున్నే,
ఎండెక్కక ముందు, గ్యాలరీలోకి ఎవరూ రాకముందు.

"యాభై రెండు పౌన్లా?" అన్నాను.
తల అడ్డంగా ఊపింది.
"పోనీ, యాభై?"
నిలువుగా ఊపింది. యాభైకే బిగించాను.
మర్నాడు బంతులన్నీ గీత దాటి
వెనక కంచెలో ఇరుక్కున్నాయి.
ఓడొచ్చి, కోపం లేకుండా చెప్పింది:
వాళ్ళ దేశంలో అడ్డంగా అంటే ఔను, నిలువుగా అంటే కాదు.
"మా మద్రాసులో రెండూ కలిపి ఊపుతాం" అన్నాను,
"మీ ఇష్టం వచ్చింది అనుకోవచ్చు."
వచ్చీరాని ఇంగ్లీషు ఇద్దరిదీ. నవ్వుకి అది చాలింది.

రెండేళ్ళకి మళ్ళీ వచ్చింది. సంచిలో రాకెట్ల మధ్య
స్వెట్టర్లో చుట్టిన బిడ్డలాంటి వాయిద్యం, గదుల్కా.
కమాను తగిలేది మూడు తీగలకే.
కింద ఇంకో పది ఉంటాయి, వాటినెవరూ ముట్టరు.
పైవి పాడితే అవి వాటంతటవే వణుకుతాయి.
అందులో ఒకటి విమానంలో తెగిందని
స్కూటరెక్కించుకుని మైలాపూరు తీసుకెళ్ళాను.
వీణలు బాగుచేసే ముసలాయన తీగ బిగించి, మీటి,
"ఏ రాగం?" అని తమిళంలో అడిగాడు.
ఆమె తల అడ్డంగా ఊపింది.

మూడోసారి దంతవైద్యం పుస్తకం పట్టుకొచ్చింది.
సర్వీసుకీ సర్వీసుకీ మధ్య, కుర్చీలో,
తువ్వాలు కింద దాచి చదివేది. అంపైరు చూసీ చూడనట్టుండేవాడు.
క్వార్టర్‌ఫైనల్‌కి వెళ్ళింది ఆ ఏడే.
నూట ముప్పై ఒకటి.
అదే శిఖరమని ఇద్దరికీ తెలీదు.
గెలిచిన సాయంత్రం నా నోరు తెరిపించి, టార్చి వేసి,
"పెంచలయ్యా, నీ జ్ఞానదంతం అడ్డంగా మొలిచింది" అంది.
అది నిజం. ఇప్పటికీ పీకించుకోలేదు.

నిరుడు ఫిబ్రవరి ఆఖర్లో నాలుగోసారి.
మూడు వందల ఎనభై ఎనిమిది. భుజం మీద నీలం పట్టీలు.
క్వాలిఫయింగ్ తొలి రౌండు, పక్క కోర్టు,
జనం తొమ్మిది మంది, కాకులు అంతకంటే ఎక్కువ.
మూడో సెట్ ఏడు-అయిదు. పోయింది.
తిన్నగా నా గదికొచ్చి కత్తెర అడిగింది.

ఎక్కడపడితే అక్కడ కొయ్యకూడదు.
బిగువు ఒక పక్కే వదిలితే ఫ్రేము వంకరపోతుంది.
మధ్యలో మొదలెట్టాలి, ఇటొకటి, అటొకటి,
అలా అంచులదాకా.
ఆమెకి తెలుసు. ఆరు రాకెట్లూ అలాగే కోసింది.
ఒక్కో తీగ టప్ మన్నప్పుడల్లా
మూల నున్న సంచిలోంచి
ఏదో సన్నగా మూలిగింది. నా భ్రమేమో.

"ఇంక పళ్ళేనా?" అన్నాను.
అడ్డంగా ఊపింది.

వెళ్ళేరోజు మార్చి ఒకటి.
ఎర్రదారం, తెల్లదారం పురిపెట్టి నా ముంజేతికి కట్టింది.
వాళ్ళ ఆచారమట. పూసిన చెట్టు కంటపడగానే
విప్పి, ఆ కొమ్మకే కట్టెయ్యాలట.
వాళ్ళకైతే అప్పటికి మంచు కరగాలి. వారాలు పడుతుంది.

ఇక్కడ స్టేడియం గేటు దాటితే కానుగ,
వంతెన దిగితే తురాయి,
మా సందు మొగలో బడిగోడ మీంచి రాలుతూ ఏదో పసుపు పువ్వు.

తల వంచుకుని ఇంటికి నడిచాను.