ఆఖరి దినుసు

ఢిల్లీబాబు మెడికల్స్, పులియంతోపు, రాత్రి తొమ్మిదిన్నర.
షట్టరు సగం దించి
రెండు ట్యూబుల్ని గల్లాపెట్టె మీద బోర్లా పడుకోబెట్టాను.
ముందువైపుతో నాకేం పని,
అక్కడ ఎవరిదో మెరిసే బుగ్గ.
నిజం ఏదన్నా ఉంటే అట్ట వెనకే చెప్తారు,
చీమకాళ్ళంత అక్షరాల్లో.

ఒకటి నూట డెబ్బై. ఒకటి ఆరువందల నలభై.
బిల్లుపుస్తకం చివరి పేజీలో నిలువుగీత గీసి
అటొకటి ఇటొకటి రాస్తున్నాను.
మాట తెలుగు, రాత తమిళం,
కార్పొరేషన్ బడి చేతికిచ్చింది అదొక్కటే.

మొదటి పేరు రెంటిలోనూ నీళ్ళే.
ఎక్కువున్నది ముందు రాయాలట.
నీళ్ళకి ఆరువందల నలభై అయితే
మా అమ్మ ఎంత కలిగినదో అప్పట్లో!
తెల్లారుజామున లారీ హారన్‌కి లేచి
ఆకుపచ్చది, నారింజది, అంచు పగిలిన నీలంది,
మూడు బిందెల మాయిశ్చరైజరు
రెండో అంతస్తుకి మోసేది.

తరవాత గ్లిజరిన్. ఇదీ రెంటిలోనూ.
గాలిలో చెమ్మని లాగి చర్మానికిస్తుంది.
ఈ ఊళ్ళో అదేం ఘనకార్యం?
అప్పడాల పొట్లం విప్పిపెడితే
గంటలో అదీ చేస్తుంది ఆ పని.

మూడో పేరు దగ్గర దారులు చీలాయి.
చవకదానిలో పెట్రోలేటం.
చదవగానే మణలి వైపు గాలి తిరిగిన రాత్రులు గుర్తొచ్చాయి.
శుద్ధి చేశాక ఏ వాసనా మిగలదంటాడు ఢిల్లీబాబు.
గొళ్ళెం లాంటిది, లోపలి తడిని గడప దాటనివ్వదు.
ఖరీదుదానిలో డైమెథికోన్.
అదీ గొళ్ళెమే. పట్టుగుడ్డ చుట్టిన గొళ్ళెం.

నియాసినమైడ్ ఇందులో నాలుగోది,
అందులో పదమూడోది,
పెళ్ళిలో ఆఖరి బంతికి చూపించి తీసుకెళ్ళే నెయ్యి.

ఇంత లెక్కా ఒక్క ముఖం కోసం.
దేశమ్మ, ఆరో జోను, ఇరవై ఆరేళ్ళ ఊడుపు.
ముక్కుకి రెండు పక్కలా పొలుసు.
బ్లీచింగు చల్లిన చేత్తో చెమట తుడుచుకుని తుడుచుకుని
కణత మీద అరచేతి మందాన పాలిపోయిన చోటు.

రెండూ ఇంటికి తెచ్చాను.
లెక్క చదివి వినిపించాను.
ఆరువందల నలభైదే గెలిచిందని,
జీతంలో పట్టుకుంటారులే అని కూడా.

అమ్మ వినలేదు.
రెండు మూతలూ తీసి
ఒకదాని తరవాత ఒకటి ముక్కుకి ఆనించుకుంది.
"దీనికి వాసనే లేదు గదే."
అదేనమ్మా దీని గొప్ప.
పరిమళం కలిపితే కొన్ని చర్మాలకి పడదు.
"నా ముక్కుకి పడనివి ఎన్నని రాసినావు
నీ పుస్తకంలో?"

చవకదాని జాబితాలో అది అన్నిటికన్నా కింద ఉంది.
వందలో ఒక వంతు కూడా ఉండదు.
నా పేజీలో దానికెదురుగా
ఎర్రసిరాతో ఇంటూ గుర్తు.

పనిదిగి అమ్మ ఎక్కే బస్సు నేనూ ఎక్కాను చాలాసార్లు.
కిక్కిరిసిన బస్సు.
ఆమె పక్క సీటు ఖాళీ.
నేను కూడా నిలబడే వచ్చాను ఒకటి రెండుసార్లు,
కాలేజీ వాళ్ళున్నారని.

సరే, ముందు చెవి వెనక కొంచెం రాసి
ఒక రోజు చూడు, మండితే మానెయ్ అన్నాను.
ఊఁ అంది.

మూత తీసిన సరుకు ఢిల్లీబాబు వాపసు తీసుకోడు.
ఆరువందల నలభై నేనే రాసుకుని పడుకున్నాను.
మెత్తగా ఉంది. అంతే.

ఐదున్నరకి మెలకువ వచ్చేసరికి అమ్మ లేదు.
నూట డెబ్బైది నడుం దాకా నొక్కేసి ఉంది.
గదిలో, వరండాలో, మెట్ల మలుపులో
గులాబీ కాని గులాబీ ఒకటి.
చెవి వెనక ఒక్కచోట రాస్తే వచ్చేది కాదది.

కింద నీళ్ళ పంపు కొడుతూ గజలక్ష్మి కేకేసింది:
"ఎవరే, ఇంత పొద్దున్నే
పెళ్ళికి పోయిందీ?"