నాలుగో గది పరదా

ఫండీ అఖాతం ఒడ్డున మోటెల్ మూసేసిన వారం
యజమాని కొడుకు పరదాలు నా చేతిలో పెట్టాడు.
"తీసుకుపో, లేదంటే చెత్తబండికే."
ఇరవై రెండేళ్లు నేను దులిపినవి, ఉతికినవి,
కొక్కేలకు తగిలించినవి.
చూసీ చూసీ చూడటం మానేసిన గుడ్డ:
ఆవాల రంగు నేల, నాచు రంగు రెల్లు,
ఒంటికాలి మీద బూడిద కొంగ,
దాని నెత్తిన గుమ్మడికాయంత నారింజ పువ్వు.
ఏ తాగుబోతు గీశాడో గానీ
రెండడుగులకోసారి మళ్లీ అదే కొంగ, అదే పువ్వు.

ఆర్డిత్ కోమో వచ్చి వేలితో తడిమి చూసింది.
ముప్పై ఏళ్లు ఆల్చిప్పలు వొలిచిన వేలు.
"ఎంత వికారంగా ఉంటే అంత మంచి బొంత" అంది.
రెండు చిన్న అద్దాలకు వీపున టేపు అంటించి
పుస్తకంలా సగం తెరిచి గుడ్డ మీద నిలబెట్టింది.
వంగి చూశాను.
కొంగ లేదు.
ఆరు ముక్కులు కలిసి ఒక నక్షత్రం.
అద్దం అంగుళం జరిపితే నక్షత్రం పోయి
రెల్లు అల్లుకున్న చక్రం.
ఇంకో అంగుళం, నోరు తెరిచిన ఏదో కడలి పువ్వు.
"ఇన్నేళ్లూ ఇదంతా ఇందులోనే ఉందా?"
"ఎక్కడికి పోతుంది" అంది ఆర్డిత్.

పని మాత్రం అద్దం జరిపినంత తేలిక కాదు.
ఆరు పరదాలు ఒకదాని మీద ఒకటి పరిచి
పైపొర కొంగ కంట్లో గుండుసూది గుచ్చి
కింది కొంగ కన్ను వెతకాలి,
దాని కింద దాన్ని, దాని కింద దాన్ని.
నూలుపోగు తప్పినా పువ్వుకి మెల్లకన్ను వస్తుంది.
బయట ఆటుకి నీళ్లు పోయి
రేవులో పడవలు బురద మీద కూలబడ్డాయి.
పోటు వచ్చి మళ్లీ లేచాయి.
నేనింకా ఐదో కొంగ దగ్గరే ఉన్నాను.
కొంగజపమంటే ఎగతాళి చేసేదాన్ని.
చేసి చూస్తే నడుము పట్టేసింది.

ఆరోది పరవగానే ఆర్డిత్ కళ్లద్దాలు దించింది.
నాలుగో గది పరదా. దక్షిణపు కిటికీ.
ఎండ తాగి తాగి
నారింజ పువ్వు పాలెక్కువైన టీ అయింది,
కొంగ వట్టి గుర్తు మాత్రమే.
"ఇది కలవదు. ప్రతి పువ్వులో ఒక రేకు చచ్చిపోతుంది."
ఇంకో పరదా లేదు.
ఏడో గదిది సిగరెట్టుకి కాలి ఏనాడో పోయింది.

నాలుగో గదిలో ఒనెజీమ్ రెండేళ్లున్నాడు,
పడవ ఇంజన్ల మెకానిక్.
రాత్రంతా పని, పగలంతా నిద్ర, పరదా ఎప్పుడూ మూసే.
తలుపు కొట్టొద్దని చీటీ రాసి పెట్టేవాడు,
చీటీ కింద నాకో చాక్లెట్టు.
అతని ముఖాన పడాల్సిన ఎండంతా
ఈ గుడ్డే కాచుకుంది.

"కొయ్యి" అన్నాను.
చక్రపు కత్తి ఆరు పొరల్లోకి కరకరా దిగింది.
కోసిన గుడ్డకి క్షమాపణలు పనికిరావు.

మూడు రోజులు త్రికోణాలు.
గోడకు ఫ్లానెల్ దుప్పటి కట్టి
ఆరేసి ముక్కలు పువ్వులుగా అంటించాం.
ఎలా తిప్పినా ఐదు రేకులు గట్టిగా మాట్లాడుతుంటే
ఒకటి గొంతు తగ్గించుకునేది.
ఆర్డిత్ వాటిని తలా ఒక దిక్కుకి చెదరగొట్టింది,
దాచినట్టు.
గోడంతా పన్నూడిన నవ్వులు.

ఆమె టీ పెట్టడానికి వెళ్లినప్పుడు
ఒక్కో పువ్వునీ తిప్పుకుంటూ పోయాను.
పాలిపోయిన రేకు ప్రతిదాంట్లో కుడివైపుకి, కాస్త పైకి.
నూట పన్నెండు పువ్వులు.
టీ చల్లారిపోయింది.

ఆర్డిత్ గుమ్మంలో ఆగి
ముందు గోడ వైపు చూసింది,
తర్వాత కిటికీ వైపు,
ఈ వెలుగు ఎక్కడిదా అని.
కిటికీ నిండా పొగమంచే.

ఏడో వరుసలో ఒకటి ఎడమకి తిరిగి ఉంది.
కుట్టేశాక కనిపించింది.
విప్పలేదు.
ఆర్డిత్‌కి చెప్పనూ లేదు.