సగం ధర

ముతారేలో జూలై అంటే చలి.
సకూబ్వా వీధి చివర చెంజెరాయి బేకరీ పొగగొట్టం
తెల్లవారుజామున నాలుగింటికి దగ్గడం మొదలుపెడితే
ఆ దగ్గుకే బస్సు డ్రైవర్లు లేచేవాళ్లు.

సోమవారం లవ్‌మోర్ వచ్చాడు,
ధరల తనిఖీ అధికారి,
మెడలో కార్డు, చేతిలో ఎర్ర సిరా పెన్ను.
అట్ట మీద మేం రాసిన అంకె కొట్టేసి
కింద సగం వేశాడు.
"ఇది ప్రజల ధర" అన్నాడు.
చెంజెరాయి పిండి బస్తా రసీదు చూపించాడు.
"అది నా శాఖ కాదు" అన్నాడు.

ఆ రోజు నిజంగా పండగే, దాచడం ఎందుకు.
ముసలి నెత్సాయి ఒకేసారి రెండు రొట్టెలు కొంది,
ఒకటి చంకలో, ఒకటి శాలువాలో.
ప్రభుత్వాన్ని నోరారా దీవించింది.
ఆ దీవెన అబద్ధం కాదు.
మంగళవారం ఇంకా రాలేదు, అంతే.

మంగళవారం పొయ్యి సగం వెలిగింది.
బుధవారం పావు.
గురువారం కట్టెల బండి షింగిరాయి
పాత బాకీ తీరేదాకా రానన్నాడు.
అతన్ని ఏమనగలం?
గాడిదలు సగం గడ్డే తినాలని
ఇంకా ఉత్తర్వు వెలువడలేదు.
శుక్రవారం పొగగొట్టం దగ్గలేదు.
బస్సులు ఆలస్యంగా కదిలాయి.

ఖాళీ అల్మరాకు ధర చీటీ మాత్రం మిగిలింది,
చట్టప్రకారం,
ఎంతో చవగ్గా.

నేను ఆ కొట్లో చిట్టా రాసేదాన్ని.
నాకు తెలిసిన అర్థశాస్త్రం ఇంతే:
ధర ఒక నాలుక.
గోధుమ పండలేదని అదే చెబుతుంది,
లారీకి డీజిలు దొరకలేదని అదే చెబుతుంది.
ముక్కూ మొహం తెలియని రైతెవరికో
ఇంకో నాలుగు చాళ్లు వెయ్యి, ఇక్కడ అడుగుతున్నారని
మంత్రిగారి కంటే ముందే కబురు పంపుతుంది.
చేదుగా మాట్లాడుతుంది, ఒప్పుకుంటాను.
లేనివాళ్లతో మరీ చేదుగా.
నెత్సాయికి అది ఎన్నడూ
ఒక్క మంచిమాట చెప్పిన పాపాన పోలేదు.
అయినా, కొండనాలుకకు మందేస్తామని వచ్చినవాళ్లు
ఉన్న నాలుక ఊడగొట్టి పోయారు.
ఊరి ఆకలి ఎంతో
ఇప్పుడు ఎవరిని అడగాలి?

కొన్నాళ్లకి
సరిహద్దు కొండల మీదుగా, చీకట్లో,
ఆడవాళ్లు రొట్టెలు మోసుకొచ్చారు.
అవతలి దేశపు పొడుగాటి రొట్టెలు,
వీపున బిడ్డల్లా కట్టుకుని
పైన ఉన్ని టోపీలు తొడిగి.
ధర నాలుగింతలు.
ఎక్కడా రాసి లేదు. అందరికీ తెలుసు.
ఒక కాపలావాడు ఒక టోపీని నిమిరి
"పిల్లాడు బాగా నిద్రపోతున్నాడు" అన్నాడట.
ఆ నిద్రకీ ఒక ధర కట్టారు.

ఒక రాత్రి మా పెరటి తలుపు చప్పుడైంది.
లవ్‌మోర్. మెడలో కార్డు లేదు.
కూతురికి జ్వరమట,
టీలో ముంచిన రొట్టె తప్ప ఏదీ గొంతు దిగడం లేదట.
చెంజెరాయి లోపలికి వెళ్లి
తన పిల్లల కోసం దాచిన రొట్టె తెచ్చి
బల్ల మీద పెట్టాడు.

"ఎంత?"

చెంజెరాయి చాలాసేపు మాట్లాడలేదు.
కిరోసిన్ దీపం వత్తి కొంచెం తగ్గించాడు.
"నువ్వే చెప్పు" అన్నాడు.

లవ్‌మోర్ జేబులో
ఎర్ర పెన్ను మూత మెరుస్తోంది.
అతను రొట్టె వంక చూశాడు,
నా చిట్టా వంక చూశాడు,
ఒక అంకెను కొట్టెయ్యడానికి కాక
చెప్పడానికి
పెదాలు తడుపుకున్నాడు.