సాక్షి గడి

పదకొండు వేల ఆరువందల నలభై.
రిమ్ము, లోయర్ ఆర్మ్, కూలి.
జానీమియా రాసిచ్చిన బిల్లు నాలుగు మడతలు వెట్టి
కార్పొరేషన్ ఆఫీసుకు పోయిన.

"గుంత ఎవలది?" అన్నడు సారు.
ములుగు రోడ్డుది, బంకు దాటినంక,
వాననీళ్లు నిండి రోడ్డు లెక్కనే మెరిసింది.
"అట్ల గాదు. నడిమి గీతకు ఇవతలైతే మాది,
అవతలైతే ఆర్ అండ్ బీది.
పొడుగు, ఎడల్పు, లోతు రాసుకరా.
సాక్షి సంతకం గూడ."

తెల్లారి టేపు వట్టుకొని గుంతల కూసున్న.
లారీలోళ్లు తిట్టుకుంట పోతున్నరు.
తెల్లగీత గుంత దాక వచ్చి మునిగింది,
అవతల ఒడ్డున తేలింది.
పొడుగు ముప్పై నాలుగు అంగుళాలు.
లోతు సూద్దామంటే అడుగున బురద,
బురదల ఒక చిన్నపిల్ల చెప్పు.

మక్కకంకులు కాల్చే యాకమ్మ విసనకర్ర ఆపింది.
"గుంత కనవడాలని పొద్దుగాల్ల తుమ్మకొమ్మ పాతుత.
రాత్రికి ఎవలో పీక్కపోతరు, పొయ్యిలకు."
ఎంతమంది పడ్డరంటే
వేళ్ల మీద మొదలువెట్టింది,
వేళ్లు సాలలె.
ఓ పచ్చికంకి వొలిచి
గోనెసంచి మీద ఒక్కొక్క గింజ పేర్చింది:
పాలోడు, ఇస్కూల్ ఆటో, పెండ్లికి పోయే జంట,
ఆరెపల్లి పంతులు.
నా కారు గూడ ఓ గింజే.
ఒక్క గింజను మాత్రం దూరంగ వెట్టింది.
ఎందుకని నేనడగలె.
ఆమె చెప్పలె.

సాక్షి గడిల వేలిముద్ర ఏసింది.
బొగ్గుమసి ఉండనే ఉండె,
సిరా అక్కెర వడలె.

ఇంకో గడి మిగిలింది:
నష్టపోయిన వారి పేరు.
రాత్రి ఇంట్ల కూసొని నా పేరు రాసిన,
ఇంటిపేరుతోని సహా.
సుక్క వెట్టవోయి
కామా వెట్టిన.