తల ఊపడం

ట్రేడ్ గడువుకి ఇంకా మూడు రోజులు.
డులూత్‌లో జూలైలో కూడా సరస్సు చలి ఊదుతుంది.
మూడో బేస్ వెనక నుంచి పొగమంచు
టికెట్ కొనకుండా లోపలికొచ్చి కూర్చుంది.

మార్షా బ్రాండ్‌వోల్డ్ గదిలో బల్ల మీద రెండు కాగితాలు.
ఒకటి లైల్ హౌటలది. ముప్పై అయిదేళ్ళు.
రెండు మోకాళ్ళకీ కలిపి మూడు ఆపరేషన్లు.
వందసార్లు బ్యాట్ ఎత్తితే పంతొమ్మిది హిట్లు.
రెండో బేస్‌కి అతని త్రో చేరడానికి
రెండు సెకన్లూ, పైన ఒక పిసరూ.
ఆ పిసరులోంచే ఈ సీజన్‌లో
యాభై రెండు మంది దొంగలు దాటిపోయారు.

రెండోది డావెన్‌పోర్ట్ జట్టులో కుర్రాడిది.
యోర్విన్ ఉర్దనేతా, ఇరవై మూడు.
వీడియోలో వాడి చెయ్యి కదలడం కనబడదు,
అవతల గ్లవ్ మోగడమే వినబడుతుంది.
బదులుగా వాళ్ళు మా కుర్ర పిచర్లని ఇద్దర్ని అడుగుతున్నారు,
పైన కొంత డబ్బు.

"బంతి వేసేవాడివి నువ్వు. నీ మాటేమిటి?" అంది మార్షా.

నా మాట.
ఆరేళ్ళుగా నాకు మాటతో పని పడలేదు.
అరవై అడుగుల అవతల అతను గొంతుక్కూర్చుని
తొడల మధ్య నీడలో వేళ్ళు చూపిస్తాడు,
నేను తల ఊపుతాను. అంతే మా సంభాషణ.
మసక వెలుతురులో నాకు కనబడాలని
కూతురి గోళ్ళరంగు పూసుకొస్తాడు, పసుపుపచ్చది.
లాకర్ రూములో ఎవరేమన్నా నవ్వి ఊరుకుంటాడు.
చూపుడువేలు రెండుసార్లు విరిగి పక్కకి తిరిగింది.
ఫాస్ట్‌బాల్ వెయ్యమని చూపిస్తే
ఎవరికో దారి చెబుతున్నట్టుంటుంది.

మైదానంలో ఎనిమిది మందిమి ఒకవైపే చూస్తాం.
అతనొక్కడే మావైపు.
మాలో ఎవరు ఎప్పుడు జంకారో
అతనికి తెలుసు, ఎవరికీ చెప్పడు.
దీనికి ఆ కాగితంలో గడి లేదు.
అంచు దాటిన నా బంతిని
నిద్రపోతున్న పిల్లని పక్క మార్చినట్టు
అంపైర్‌కి తెలియకుండా లోపలికి జరిపేస్తాడు.
దీనికి గడి ఉంది. ఆ అంకె కూడా తగ్గుతోంది.

మే నెలలో నా స్లైడర్ నేలకి కొట్టుకుని లేస్తే
అతని మోకాలు వంగలేదు.
బంతి వెనక గోడదాకా పోయింది, ఆట పోయింది.
పేపరువాళ్ళతో "తప్పు నాది" అన్నాడు.
బంతి నాది.
నాకూ ముప్పై మూడు. ఏదో సొరుగులో
నాకూ ఒక కాగితం ఉండే ఉంటుంది.

మార్షా చూస్తోంది.
ప్రశ్న నా ఎదురుగా గొంతుక్కూర్చుని ఉంది.
అలవాటు పడిన మెడ.
ఊపాను.

మర్నాడు, ఆరో ఇన్నింగ్స్, మొదటి బేస్ మీద ఒకడు.
లైల్ రెండు వేళ్ళు చూపించాడు. అడ్డంగా ఊపాను.
ఒకటి. అడ్డంగా.
నాలుగు వేళ్ళూ ఆడించాడు. అడ్డంగా.
ఏదానికి ఒప్పుకున్నా
మళ్ళీ సంతకం పెట్టినట్టే ఉంది.

టైమ్ అడిగి, నేలని చేత్తో నెట్టి లేచి,
మాస్కు నెత్తి మీదికి తోసుకుంటూ నడిచొచ్చాడు.
మిట్‌తో నోరు కప్పుకున్నాడు, పెదాలు చదివేవాళ్ళుంటారని.
"నన్నూ అడిగారు. సోమవారం, నీకంటే ముందే.
తెచ్చుకోండి అన్నాను. వాడి పాదాలు చూశావా నువ్వు?
కర్వ్‌బాల్‌కి కొంచెం తొందరపడతాడు, అదొక్కటీ నేర్పాలి."
నా గ్లవ్‌లోంచి బంతి తీసి, చొక్కాకి తుడిచి, తిరిగి పెట్టాడు.
"బయటి మూల, కింద. వెయ్యి."

వెళ్ళి కూర్చున్నాడు, రెండు విడతల్లో.
పసుపు గోరు, వంకర వేలు.
నేను ఇంకా చూస్తూనే ఉన్నాను.
రేవులో ఖనిజం ఓడ ఒకటి
వంతెన ఎత్తమని కూత పెట్టింది.
బేస్ మీది కుర్రాడు అప్పటికే
రెండడుగులు ముందుకి జరిగాడు.